ఎడమ సీటు

ముందు వాసన వచ్చింది. ఆ తరవాత ఎడమ చక్రం దగ్గర పొగ. మాస్టారు కారుని రోడ్డు వారకి తీసి ఆపాడు. ఆయనా, భార్యా దిగి చూస్తే చక్రం దగ్గరికి చెయ్యి పెట్టలేనంత వేడి.

"తొక్కావుగా! పొద్దుటినుంచీ తొక్కుతూనే ఉన్నావుగా! అనుభవించు ఇప్పుడు," అన్నాడు మాస్టారు.

ఆవిడ తొక్కిన మాట నిజమే మరి.

అది డ్రైవింగ్ స్కూలు కారు. అలాంటి కార్లో ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకూ, ఒక క్లచ్చీ ఉంటాయి. కుడివైపు కూర్చుని నేర్చుకునేవాళ్ళు తడబడితే, ఎడమవైపునుంచి నేర్పేవాడు తొక్కి కాపాడతాడు. మాస్టారు ఇరవై ఆరేళ్ళుగా ఆ ఎడమ సీట్లో కూర్చుని ఊళ్ళో సగంమందికి కారు నేర్పాడు, కట్టుకున్న పెళ్ళానికి తప్ప. నేర్పమని ఆవిడా అడగలేదు, నేర్చుకుంటావా అని ఆయనా అనలేదు. ఆవిడ పని స్కూలు ముందు గదిలో బల్ల దగ్గర. దరఖాస్తులు నింపడం, ఫొటోలు అంటించడం, ఎవరు ఎన్నింటికి రావాలో చెప్పడం. సొంత పని మీద ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు మాత్రం ఆయన కుడి సీట్లోకి మారేవాడు, ఆవిడ ఎడమ సీట్లో కూర్చునేది. అప్పుడు రెండో బ్రేకు ఆవిడ కాలి కింద ఉండేది.

కొన్నాళ్ళుగా ఆవిడ దాన్ని తొక్కుతోంది. గట్టిగా కాదు, కాస్తంత. అయినా ఆయన కాలి కింద పెడల్ కూడా దిగుతుంది కాబట్టి తెలిసిపోయేది. "అబ్బబ్బ, మళ్ళీనా!" అని విసుక్కునేవాడు. తరవాత విసుగు పోయి వేళాకోళం వచ్చింది. బ్రేకమ్మ అని పేరు పెట్టాడు. చుట్టాల ఇళ్ళలో, స్కూల్లో, కిరాణా కొట్లో, ఎక్కడపడితే అక్కడ "మా బ్రేకమ్మ" అని చెప్పి నవ్వించేవాడు. ఆవిడ కూడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది?

పిరికితనంతో తొక్కింది కాదు. ఎడమ పక్కనుంచి వచ్చేది ఆయనకి కనిపించడం లేదు. సందులోంచి సైకిలొస్తే ఆయన మొహంలో ఏ మార్పూ ఉండదు, కాలు కదలదు. సైకిలు కారు ముందుకి వచ్చేశాక "ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడ్రా వీడు!" అంటాడు. మొదట్లో పరాకేమో అనుకుంది. పదోసారికి అర్థమైంది. ఒకసారి ధైర్యం చేసి, కళ్ళు చూపించుకోమని అంది. "నీ గుండె చూపించుకో ముందు," అన్నాడాయన. ఆ మాట కూడా ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

ఇప్పుడు వెళ్తున్నది కూతురి దగ్గరికి. కూతురికి సోమవారం నుంచి రెండు నెలల ట్రైనింగు. అల్లుడు ఓడ మీద ఉన్నాడు. నాలుగేళ్ళ మనవరాల్ని వీళ్ళు ఇంటికి తెచ్చుకోవాలి. పిల్ల వెనక సీట్లో ఒక్కతీ కూర్చోదు, అమ్మమ్మ పక్కన ఉండాల్సిందే. అంటే తిరిగొచ్చేటప్పుడు ఎనిమిది గంటలపాటు ఎడమ సీటు ఖాళీ. బ్రేకు మీద కాలుండదు. ఆవిడకి మూడు రోజులుగా ముద్ద దిగనిది అందుకు.

కారుని తాడుతో కట్టించి పక్క ఊరికి లాక్కుపోయేసరికి మధ్యాహ్నం దాటింది. షెడ్డులో ఉన్న మెకానిక్ నలభై దాటిన మనిషి, మాట పొదుపు. చక్రం విప్పాడు. బ్రేకు ప్యాడ్లు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"పిసరంత సరుకు కూడా మిగల్లేదు సార్. ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. ఇదిగో, డిస్కు కూడా గీతలు పడిపోయింది. రెండు పక్కలా మార్చాలి. సామాను ఇక్కడ దొరకదు, బస్సులో తెప్పించాలి. ఎల్లుండి పొద్దున్నకి వస్తుంది."

"ఎల్లుండా!"

"ఇవాళ బుధవారం. శుక్రవారం మధ్యాహ్నానికి బండి మీ చేతిలో పెడతా." ప్యాడు తిప్పి చూస్తూ అడిగాడు, "బ్రేకు మీద కాలు పెట్టి కూర్చునే అలవాటుందా ఎవరికైనా?"

మాస్టారు షెడ్డు దద్దరిల్లేట్టు నవ్వాడు. "ఇదిగో, ఈవిడే! మా బ్రేకమ్మ! రోడ్డు మీద చీమ కనిపించినా తొక్కుతుంది!" పక్క కొట్లోంచి ఇద్దరు తొంగి చూసి వాళ్ళూ నవ్వారు. ఆవిడ మొహం కందిపోయింది. ఎప్పటిలా నవ్వబోయింది కానీ ఈసారి నవ్వు రాలేదు.

మాస్టారు గది వెతకడానికి వెళ్ళాడు. మెకానిక్ బట్టతో చేతులు తుడుచుకుంటూ, నాలుగు టైర్లూ ఒక్కొక్కటే వంగి తడిమి చూశాడు.

"అక్కా, ఒకటడగనా?"

"అడుగు నాయనా."

"భయంతో తొక్కేవాళ్ళు దబీమని తొక్కుతారు. అలా తొక్కితే టైర్లు చెప్పేస్తాయి, అక్కడక్కడా చెక్కేసినట్టు అరుగుతాయి. మీ టైర్లు శుభ్రంగా ఉన్నాయి. మీరు చూసి తొక్కుతున్నారు. ఏం చూసి?"

చెప్పేద్దామనుకుంది. మాట పెదవి దాకా వచ్చింది. కానీ ఆయన స్కూలు మీదే కదా ఇల్లు నడిచేది. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, ముక్కూ మొహం తెలియని మనిషితో మొగుడి కళ్ళ సంగతి చెప్పడమా? మింగలేదు, కక్కలేదు.

"సామాను కచ్చితంగా ఎల్లుండి వస్తుందా?" అని అడిగింది. మెకానిక్ ఇంక రెట్టించలేదు.

గది ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద దొరికింది. రెండు మంచాలు, ఒక బల్ల, వీధివైపు కిటికీ. పెద్దావిడ మెట్లెక్కి వచ్చి దుప్పట్లు ఇస్తూ, "కారు చెడిపోయినవాళ్ళే మాకు చుట్టాలు. కారు బాగుంటే ఎవడూ ఈ ఊళ్ళో ఆగడు," అంది.

మాస్టారికి ఆ మాట నచ్చింది. ఆయన కోపం ఎప్పుడూ పూట దాటదు. సాయంత్రానికల్లా హుషారొచ్చేసింది. "సరేలే, అయిందేదో అయింది. ఆరేళ్ళయింది మనం ఒక పూట ఖాళీగా కూర్చుని. రేపంతా ఊరు తిరుగుదాం. వంతెన దాకా నడుద్దాం. నీకు నచ్చిందేదో కొనుక్కో," అన్నాడు. ఇలాంటి మాట ఇంకెప్పుడైనా అని ఉంటే ఆవిడ పొంగిపోయేది. ఇప్పుడు మాత్రం, రేపంతా ఈయన పక్కన నడవొచ్చు, ఏ పక్క ఎంత కనిపిస్తోందో తేల్చుకోవచ్చు అనుకుంది. అలా అనుకున్నందుకు తనని తనే తిట్టుకుంది.

గురువారం పొద్దున్న ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధి చూస్తున్నాడు. ఆవిడ టీ గ్లాసు తెచ్చి బల్ల మీద ఆయనకి ఎడమ పక్కన పెట్టి, వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి.

"టీ ఏదీ?" అన్నాడు.

"తెస్తున్నా," అంటూ లేచి, ఆ గ్లాసే తీసి కుడి పక్కకి మార్చింది. ఆయన ఇటు తిరగకుండానే చెయ్యి చాచి అందుకున్నాడు. "చల్లారిపోయిందే!" అన్నాడు.

బజార్లో ఆవిడ కావాలనే ఆయనకి కుడి పక్కన నడిచింది. నడిచిందన్న మాటే గానీ ప్రాణం ఆయన ఎడమ భుజం మీదే ఉంది. వంతెన దాకా బాగానే వెళ్ళారు. నీళ్ళు తక్కువగా ఉన్నా పారుతున్నాయి. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఆయన తన మొదటి కారు సంగతి చెప్పాడు, అందులో గేరు పడాలంటే దణ్ణం పెట్టాల్సి వచ్చేదట. ఆవిడకి ఆ కథ తెలుసు. అయినా నవ్వింది, నిజంగానే నవ్వొచ్చింది. ఇంత మంచి పూట దొరికింది, దీన్ని నేనెందుకు పాడుచేసుకోవాలి అనుకుంది. రేపు కారొస్తుంది, ఎల్లుండి పిల్ల వెనక సీట్లో ఉంటుంది అని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

తిరిగొస్తుంటే ఇనప సామాను కొట్టు ముందు దొంతరగా పేర్చిన బకెట్లున్నాయి, ఆయనకి ఎడమవైపు. ఆవిడ చూసింది. ఈ ఒక్కసారీ ఏమీ అనకూడదని పంటి బిగువున ఊరుకుంది. ఆయన సూటిగా వెళ్ళి తగులుకున్నాడు. బకెట్లన్నీ దడదడా దొర్లాయి.

"దారిలో పెడితే జనం ఎలా నడుస్తారయ్యా!" అని కొట్టువాడి మీద విరుచుకుపడ్డాడు.

"దారిలో ఎక్కడున్నాయండీ? అరుగు మీదున్నాయి. మీరే అరుగెక్కారు," అన్నాడు కొట్టువాడు.

ఆవిడ వంగి బకెట్లు ఏరి పేర్చింది. ఆయన మోచెయ్యి దోక్కుపోయింది. రుమాలు తడిపి కడుతూ, దెబ్బ తగులుతుందని తెలిసీ ఊరుకున్నానే అని ఆవిడకి కళ్ళనీళ్ళొచ్చాయి.

సాయంత్రం వెలుగుండగానే చెప్పేసింది.

"ఏమండీ, పిల్లని బస్సులో తెచ్చుకుందాం."

"కారు పెట్టుకుని బస్సెందుకు?"

"మీకు ఎడమ పక్క కనిపించడం లేదండీ."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వడం లేదని చూసి ఆపాడు. "ఇరవై ఆరేళ్ళు. కారు మీద గీత పడిందా?"

"పడలేదు."

"మరి?"

"నేను తొక్కబట్టి పడలేదు."

ఆ మాట ఆయనకి తగలరాని చోట తగిలింది. "ఓహో! అయితే ఇన్నాళ్ళూ కారు నడిపింది నువ్వన్నమాట! స్టీరింగు పట్టుకోవడం రానిదానివి నాకు డ్రైవింగు నేర్పుతావా? నీ పిరికితనానికి నా కళ్ళ మీద నిందా?" గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెద్దావిడ భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

శుక్రవారం సామాను చెప్పిన టైముకే వచ్చింది. మెకానిక్ రెండు చక్రాలూ విప్పి కొత్త డిస్కులు, ప్యాడ్లు బిగించాడు. వాళ్ళు బట్టలు సర్దుకుని షెడ్డుకి వచ్చేసరికి కారు బయట నిలబెట్టి ఉంది.

"ఇప్పుడే హైవే ఎక్కించకండి. కొత్త ప్యాడ్లు డిస్కు మీద కుదురుకోవాలి. వెనకాల మూసేసిన మిల్లు ఆవరణ ఉంది, అంతా ఖాళీయే. ఒక ముప్పై సార్లు మెల్లగా నడిపి, మెల్లగా తొక్కండి. దబీమని కాదు, ఒత్తినట్టు."

నిన్నటినుంచి ఆవిడతో మాట్లాడని మాస్టారు ఇప్పుడు మాట్లాడాడు. "ముప్పై సార్లు బ్రేకు తొక్కాలా? అబ్బో, దానికి నేనెందుకు? నిపుణురాలు ఇక్కడుండగా!" కుడి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "రావమ్మా, కూర్చో. కరువుతీరా తొక్కు."

ఎత్తిపొడుపే అది. ఎక్కదనుకున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఎక్కి కూర్చుంది. ఆయన ఒక క్షణం తలుపు పట్టుకుని అలాగే నిలబడి, చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాడు.

కూర్చోగానే వేరే మనిషైపోయాడు. "సీటు ముందుకి జరుపు. మోకాలు కొంచెం వంగాలి. ఆఁ, అంతే. చేతులు బిగపట్టకు, వేళ్ళు వదులు చెయ్యి. క్లచ్చి పూర్తిగా నొక్కు. గేరు నేనేస్తా. ఇప్పుడు నెమ్మదిగా వదులు, తొందరేం లేదు, బండి ఎక్కడికీ పారిపోదు." ఆ గొంతులో వెటకారం లేదు, విసుగు లేదు. ఆవిడ ఆ గొంతు ముందు గదిలోంచి వేలసార్లు వింది, వేరేవాళ్ళతో మాట్లాడుతుండగా. తనతో ఆయన అలా మాట్లాడటం ఇదే మొదటిసారి. కారు మూడుసార్లు ఎగిరి ఆగిపోయింది. "అందరికీ ఆగుతుంది," అన్నాడు. నాలుగోసారి కదిలింది.

గొప్ప మాస్టారే ఈయన. ఆవిడకి అది కాదనాలని లేదు.

ఆవరణ చుట్టూ పాడుబడ్డ గోదాములు. మధ్యలో సిమెంటు నేల. ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళడం, ఆయన "ఒత్తు" అన్నప్పుడు ఒత్తడం, మళ్ళీ వదలడం. పది అయ్యాయి. పద్దెనిమిది అయ్యాయి. ఆవిడ భుజాలు దిగాయి. "చూశావా, ఎంత సులువో! దీనికా ఇన్నాళ్ళూ గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నావు!" అన్నాడాయన, ఈసారి మెత్తగా.

ఇరవై మూడోసారి, రెండు గోదాముల మధ్య సందులోంచి పెద్దావిడ వచ్చింది. ఎడమవైపునుంచి. చేతిలో ఏదో ఎత్తి ఊపుతోంది. మాస్టారి మొహం తన వైపే ఉంది కాబట్టి చూశాడనే ధీమాతో నేరుగా కారు దారిలోకి నడిచింది. స్టీరింగు వెనక ఆవిడ చూసింది. ఆయన చెప్తాడేమో, ఆయన కాలు దిగుతుందేమో అని రెప్పపాటు ఆగింది. ఇరవై ఆరేళ్ళ కాలు అది. కదల్లేదు. ఆవిడే తొక్కింది. కారు కీచుమని ఆగి ఇద్దర్నీ ముందుకి విసిరింది.

"ఎందుకాపావు?" అన్నాడు మాస్టారు. "నేను ఒత్తమన్నానా? దబీమని తొక్కొద్దని చెప్పలేదూ?"

ఎడమ కిటికీ అద్దం మీద టకటకా చప్పుడైంది. ఆయన ఉలిక్కిపడి తల తిప్పాడు. మూరెడు దూరంలో పెద్దావిడ.

"ఫోను ఛార్జరు గదిలో మర్చిపోయారయ్యా. అదేంటి, నన్ను చూస్తూనే అలా మీదికొచ్చేస్తారు? గుండాగిపోయింది!"

ఆయన ఛార్జరు అందుకున్నాడు. పెద్దావిడని చూశాడు, ఆమె వచ్చిన సందుని చూశాడు. తరవాత తల వంచి, బ్రేకుకి బెత్తెడు దూరంలో ఊరికే ఆనించి ఉన్న తన కాలి వైపు చాలాసేపు చూశాడు.

కారు దిగాడు. ఆవరణ మధ్యలో నిలబడి, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం మీద చూపు నిలిపి, "నువ్వు నా వెనకనుంచి ఎడమ పక్కగా ముందుకి నడువు. చప్పుడు చెయ్యకుండా నడువు. కనిపించగానే ఆఁ అంటాను," అన్నాడు. ఆవిడ కూడా దిగి, చెప్పులు విప్పి నడిచింది. భుజం దాటింది. ఇంకో అడుగు. ఇంకో రెండు. ఆయన స్తంభం వైపే చూస్తున్నాడు, పెదవి కదలడం లేదు. దేవుడా, ఇప్పుడైనా అనవయ్యా, అని ఆవిడ లోపల్లోపల బతిమాలుకుంది. దాదాపు ఆయన ఎదుటికి వచ్చేసింది.

"ఆఁ," అన్నాడు. తల తిప్పి ఆవిడ ఎక్కడుందో చూసి, మడమతో నేల మీద గీత గీశాడు. "ఇప్పుడు కుడి పక్క." కుడి పక్క ఆవిడ భుజం దాకా రాకముందే ఆఁ అన్నాడు. అక్కడా గీత గీశాడు. రెండు గీతల మధ్య తేడా చూస్తూ నిలబడ్డాడు. గేటు దగ్గరున్న మెకానిక్ లోపలికి రాబోయి ఆగిపోయాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు మాస్టారు.

"పద్నాలుగు నెలలు."

"మరి చెప్పవేం?"

"చెప్పాను. మీరు నవ్వారు."

ఆయన షెడ్డుకి నడిచి వెళ్ళి పాత టైర్ల మీద కూర్చుని కూతురికి ఫోను చేశాడు. "కారు బాగైందమ్మా. అయినా ఇక్కడే వదిలేసి బస్సుకొస్తున్నాం. పిల్లని కూడా బస్సులోనే తీసుకొస్తాం... వచ్చాక చెప్తాలే. నాకేం కాలేదు, కంగారుపడకు." ఫోను పెట్టేశాడు. ఆవిడ పక్కనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గండం గడిచింది. పిల్ల ఆ కారెక్కదు. ఇంక డాక్టరు, మందులు, స్కూలు, ఏమొచ్చినా చూసుకోవచ్చు.

ఆయన ఆవిడ వీపు మీద చెయ్యి వేశాడు. కాసేపటికి అడిగాడు.

"ఈ పద్నాలుగు నెలల్లో మన దగ్గర ఎంతమంది నేర్చుకుని ఉంటారు?"

"నూట నలభై పైనే." దరఖాస్తులు నింపే మనిషి కదా, టక్కున చెప్పింది.

"వాళ్ళ పక్కన కూర్చుంది నేనే కదా."

ఆవిడ కొంగు దించింది.

"నా పక్కన నువ్వున్నావు," అన్నాడు. అందులో కోపం లేదు, అదే ఆవిడకి భరించరానిదైంది. "వాళ్ళ పక్కన నేనున్నాను."

రోజూ పొద్దున్న ఆరింటికి తలుపు తీసేది ఆవిడే. చేతులు వణికేవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, భయపడకండి, పక్కన మాస్టారున్నారుగా అని కారెక్కించేది తనే. ఒక్కరోజైనా, ఒక్కరంటే ఒక్కరి విషయంలోనైనా, ఆవిడ గుండె ఇలా కొట్టుకోలేదు. మనవరాలి సంగతి వచ్చేదాకా ముద్ద దిగకపోవడమన్నదే లేదు. కమ్మగా తిని కమ్మగా పడుకుంది.

"సోమవారం ఆరింటికి ఎవరు?" అన్నాడు మాస్టారు.

"నర్సు. ఏడు క్లాసులయ్యాయి."

"కలుపు."

ఆవిడ నంబరు వెతికి, స్పీకరు నొక్కి ఆయనకిచ్చింది. రెండో రింగుకే ఎత్తారు.

"అమ్మా, నేను. సోమవారం క్లాసు లేదు. మంగళవారం కూడా లేదు. వేరే స్కూలు చూసుకో తల్లీ."

"అదేంటి మాస్టారూ! ఏమైంది?"

"నాకు ఎడమ పక్క కనిపించడం లేదమ్మా."

అవతల ఏదో చప్పుడు ఆగింది. "అయ్యో... ఎప్పట్నుంచి మాస్టారూ?"

ఆయన నోరు తెరిచాడు. ఇవాళ్టినుంచే అని చెప్పినా అబద్ధం కాదు. ఆయనకి తెలిసింది ఇవాళే. ఆవిడ చెయ్యి చాచి ఫోను తీసుకుంది.

"పద్నాలుగు నెలల్నుంచమ్మా," అంది. "ఆయనకి తెలీదు. నాకు తెలుసు."

ఆవిడ ఫోను పెట్టెయ్యకుండా, ఆ నర్సు ఏమంటే అది వినడానికి అలాగే కూర్చుంది.